స్కోరు చెప్పొద్దు

మ్యాచ్ ఉన్న ఆదివారం గోల్ బాబాయి సెలూన్‌లో అద్దం పక్కన ఓ అట్టముక్క వేలాడుతుంది. ‘మ్యాచ్ మాటెత్తితే సగం క్రాఫుతోనే పంపిస్తా’ అని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ఏదో తమాషాకి రాశాడనుకునేరు! ఒకసారి బ్యాంకు గుమాస్తా ఒకాయన కుర్చీలో కూర్చుని, "మనవాళ్ళు అప్పుడే ఒకటి కొట్టారట కదా బాబాయ్" అన్నాడు. అంతే, మెడ చుట్టూ ఉన్న గుడ్డ లాగేసి ఆయన్ని లేపేశాడు. పాపం ఆ గుమాస్తా ఎడమవైపు బోడిగా, కుడివైపు గుబురుగా పక్కవీధి సెలూన్‌కి నడిచి వెళ్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి నవ్వింది. అప్పట్నుంచీ కుర్చీలో కూర్చున్నవాళ్ళు వానల గురించీ, కూరగాయల ధరల గురించీ తప్ప నోరు విప్పరు.

ఏం చేస్తాడు మరి? మంగలి దుకాణానికి ఆదివారమే గిరాకీ. ఆ ఫుట్‌బాల్ వాళ్ళకి కూడా ఆదివారమే కావాలి. అందుకని ఇంట్లో టీవీకి రికార్డింగు పెట్టి, దుకాణం కట్టేసి వెళ్ళాక, ఫలితం చెవిన పడకుండా అప్పుడే ఆడుతున్నట్టు చూసుకుంటాడు. ఫలితం తెలిశాక మ్యాచ్ చూడటమంటే చల్లారిన టీ తాగడమేనంటాడు. ఇంట్లోవాళ్ళకీ అదే చట్టం. మ్యాచ్ చూడటం అయ్యేదాకా మంచివార్త గానీ చెడ్డవార్త గానీ ఏ వార్తా ఆయన చెవిన వేయకూడదు. ఏ మాట ఎటు తిరిగి స్కోరు దగ్గరికి చేరుతుందోనని భయం. వయసులో ఉన్నప్పుడు పేట జట్టుకి గోల్‌కీపరుగా నిలబడ్డ మనిషి. అందుకే ఆ పేరు. బంతి ఆపడం మానేసి పాతికేళ్ళవుతున్నా, తన దగ్గరికొచ్చే మాటల్ని ఆపడం మాత్రం మానలేదు.

ఆ ఆదివారం మామూలు మ్యాచ్ కాదు, ప్లేఆఫ్. నీలి చొక్కాల జట్టు ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కడిదాకా వచ్చింది. మొదటి మ్యాచ్‌లో ఎర్ర చొక్కాల చేతిలో ఒక గోలు తేడాతో ఓడింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కేస్తారు కాబట్టి, ఇవాళ రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే నేరుగా ఫైనలు. ఓడినా, సమమైనా మూటాముల్లె సర్దుకోవడమే.

పొద్దున్నే భార్య ఫోన్ చేసింది. ఆవిడ అక్కగారికి మోకాలి ఆపరేషనయితే వారం రోజులుగా అక్కడే ఉంది.

"అక్క ఇవాళ నాలుగడుగులు వేసిందండీ. బావగారికి మాత్రం చక్కెర పెరిగింది. ఆ మహానుభావుడు దాక్కుని బిస్కెట్లు తింటున్నాడు. వింటున్నారా?"

"ఊఁ, వింటున్నా." చేతిలో కత్తెర ఆడుతూనే ఉంది.

"పంపు కారుతోందన్నారు, బాగుచేయించారా? సరే, అది వదిలేయండి. పిల్ల జాగ్రత్త. ఆరో నెల, అల్లుడు ఊళ్ళో లేడు. డాక్టరమ్మ మొన్న కాస్త కంగారుగానే మాట్లాడింది. నేనొచ్చేదాకా ఫోను దగ్గర పెట్టుకోండి."

"పెట్టుకుంటాలేవే. రెండు వీధుల అవతలే కదా, పిలిస్తే పలికేంత దూరం."

"ఇవాళ మ్యాచ్ కదూ!" అందావిడ అనుమానంగా. ఆవిడకి తెలియని విద్యా! నాలుగు గంటలకి దుకాణం కట్టేస్తానని, అదీ ఇదీ చెప్పి ఫోను పెట్టేశాడు.

ఇక్కడ కూతురి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక్కతే కూతురు. నాలుగో ఏటి నుంచీ తండ్రి పక్కన చాప మీద కూర్చుని మ్యాచ్‌లు చూసిన పిల్ల. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎక్కాల కంటే ముందే నేర్చుకుంది. పెద్దయ్యాక ఉద్యోగంలో చేరి, మ్యాచ్ జరుగుతుండగానే ఫోనులో చూసేయడం మొదలుపెట్టింది. దాని కడుపులో మాట దాగదు. ఎంత ఓపిక పట్టి "ఏం చేస్తున్నావు నాన్నా" అని మామూలుగా అడిగినా, ఆ గొంతులోనే స్కోరు తెలిసిపోతుంది. గెలిస్తే కిచకిచలాడుతుంది, ఓడితే ముక్కు ఎగబీలుస్తుంది. పోయినేడు ఇలాగే ఒక మంచి మ్యాచ్ పాడుచేసిందని బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. అలాంటి గొడవలు ఆ ఇంట్లోనే జరుగుతాయి.

నాలుగు గంటలకి నేల మీది వెంట్రుకలు ఊడ్చి, కత్తులు తుడిచి పెట్టె మూస్తున్నాడు. ఫోను మోగింది. కూతురు.

"నాన్నా..."

ఆ గొంతు పూడుకుపోయి ఉంది. వెనకే ఒక ఎక్కిళ్ళ శబ్దం. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆగు! నోరు తెరవకు! ఒక్క ముక్క చెప్పావంటే ఊరుకోను!"

"అది కాదు నాన్నా, నాకు..."

"అదీ వద్దు, ఇదీ వద్దు! ఎన్నిసార్లు చెప్పానే నీకు? ఎనిమిదేళ్ళకి వచ్చిన ప్లేఆఫ్! మ్యాచ్ అయ్యాక నేనే చేస్తా. పెట్టెయ్!"

అవతల చాలా మెల్లగా, "సరే నాన్నా" అంది. బాబాయి ఫోను పెట్టేయడమే కాదు, మళ్ళీ ఎవరైనా చేస్తారేమోనని పూర్తిగా ఆపేసి జేబులో వేసుకున్నాడు. "చేసింది నాశనం. ఓడిపోయి చచ్చినట్టున్నారు" అని దారి పొడుగునా సణుక్కుంటూ ఇంటికి నడిచాడు. రెండు వీధుల అవతల కూతురి మేడ కిటికీ ఆ మలుపులోంచి కనపడుతుంది. తల ఎత్తి చూడలేదు.

టీ పెట్టుకుని టీవీ ముందు చతికిలపడ్డాడు. ఓడిపోతారని తెలిసిన మ్యాచ్ చూడటం ఎంత శిక్షో అభిమానులకే తెలుస్తుంది. మనవాళ్ళు పరుగెడుతుంటే, "ఎందుకురా పరుగు, అనవసరంగా చెమట" అనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగానే నీలి చొక్కాలు ఒక గోలు కొట్టాయి. "ఆఁ, ఆరిపోయే దీపం" అన్నాడు. సగం ఆట ముగిసే ముందు, మూల నుంచి వచ్చిన బంతిని మన పొడుగువాడు తలతో నెట్టాడు. రెండు! బాబాయి కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. టీ చొక్కా మీద పడింది. రెండు సున్నా! ఫైనలు!

గంతేసిన మనిషి గాల్లోంచి కిందికి దిగేసరికి ముఖంలో నెత్తురు లేదు.

మరి అదెందుకు ఏడ్చింది?

సంతోషంతోనా? కాదు. దాని సంతోషం వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ గొంతు అలాంటిది కాదు. ‘నాకు’ అంది. ‘మనవాళ్ళు’ అనలేదు. ‘నాకు’ అంది. ఆరో నెల, డాక్టరమ్మ కంగారు, ఫోను దగ్గర పెట్టుకోండి అన్న మాటలన్నీ ఒక్కసారిగా వరసకట్టి గుమ్మంలో నిలబడ్డాయి.

జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను చేతికి తగిలింది. తియ్యలేదు.

ఇదిగో, ఇక్కడే ఆ మనిషిని క్షమించడం కష్టం. అది రికార్డింగు నాయనా! ఆపితే ఆగుతుంది! రేపు చూసినా అవే గోల్స్, ఎల్లుండి చూసినా అవే గోల్స్! కానీ మహానుభావుడు ఆపలేదు. ‘నిజంగా ఏదైనా అయితే ఆ మాటే చెప్పేది కదా’ అనుకున్నాడు. చెప్పనిచ్చిందెవరు? ‘మళ్ళీ చేసేది కదా’ అనుకున్నాడు. ఫోను ఆపేసిందెవరు? అసలు సంగతి ఏమిటంటే ఆయనకి భయమేసింది. ఫోను తెరిస్తే ఏం వినాల్సొస్తుందోనని భయం. టీవీలో ఆట సాగుతున్నంతసేపూ ఆ వినాల్సింది ఇంకా జరగనట్టే ఉంటుంది.

అందుకని కూర్చున్నాడు. కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని ఒకటి చేశాడు. నీలి చొక్కాలు ఓడిపోవాలని కోరుకున్నాడు. ఓడిపోతే దాని ఏడుపు మ్యాచ్ కోసమే అవుతుంది. ‘రెండు చాలు దేవుడా, వాళ్ళకి రెండు ఇచ్చెయ్’ అని లోపల్లోపల మొక్కాడు. ఎర్ర చొక్కాలు ఒకటి కొట్టినప్పుడు చేతులు జోడించాడు. చివర్లో మన గోల్‌కీపరు చేతికొచ్చిన బంతిని నేలపాలు చేశాడు. తోటి గోల్‌కీపరుకి అంత అవమానం జరిగితే మామూలుగా అయితే గుండె బాదుకునేవాడు. ఆ బంతి వలలో పడుతుంటే కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆట సమం, మొదటి మ్యాచ్ గోలు కలుపుకుంటే ఎర్ర చొక్కాలే ఫైనలుకి.

నీలి చొక్కా వేసుకున్న ఆటగాళ్ళు గడ్డి మీద బోర్లా పడి ఏడుస్తున్నారు. ఈయన ఇక్కడ నవ్వుకుంటున్నాడు. "పిచ్చిమొహం! ఇంత చిన్నదానికా అంత ఏడుపు!" అని కూతుర్ని ముద్దుగా తిట్టుకుంటూ, రాత్రికి వాళ్ళింటికే వెళ్ళి ఇద్దరూ కలిసి ఆ గోల్‌కీపర్ని తిట్టుకోవాలని లెక్కలేసుకుంటూ ఫోను తెరిచాడు. తెరిచీ తెరవగానే మోగింది. భార్య.

"ఎక్కడ చచ్చారండీ ఇంతసేపూ?" ఆవిడ గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉంది. "పిల్ల ఆసుపత్రిలో ఉంది. నొప్పులొచ్చాయట. కింద వాటా టైలరు వదిన తీసుకెళ్ళి చేర్చింది. నేను బస్సెక్కాను, వచ్చేసరికి తెల్లారుతుంది. మీకు ఫోను చేసిందటగా?"

"చేసింది" అన్నాడు.

"ఏమంది?"

"ఏమీ... ఏమీ అనలేదు" అన్నాడు.

ఆసుపత్రి వరండాలో టైలరు వదిన బెంచీ మీద కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, మిషను ముందు నుంచి లేచి వచ్చేసినట్టుంది. ఆయన్ని చూడగానే లేచింది.

"కంగారు పడకండన్నయ్యా, గండం గడిచింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంటే నేనే చూశాను. మీ నాన్నగారికి చెయ్యమ్మా అన్నాను. ఆయన పనిలో ఉన్నారత్తా, పిలవకూడదు అంది. పాపం, అంత నొప్పిలోనూ మీ పని గురించే ఆలోచించింది చూడండి."

మెచ్చుకోలుగానే అంది ఆవిడ. చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. బాబాయి తల వంచుకుని ఆవిడకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కంగారుపడి, "అయ్యో, ఇదేమిటన్నయ్యా" అని వెనక్కి జరిగింది.

గదిలో కూతురు వెల్లకిలా పడుకుని ఉంది. మంచం కాళ్ళవైపు ఎత్తు పెట్టారు. చేతికి సెలైను ఎక్కుతోంది. నొప్పులు ఆగాయనీ, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందనీ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమనీ డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. ఆ చివరి మాట మామూలుగా అనేసి వెళ్ళిందావిడ.

"ఒక్క మాట అనకూడదటే?" అన్నాడు బాబాయి, స్టూలు మీద కూర్చుని. "నొప్పి అని ఒక్క మాట అంటే లేచి పరిగెత్తుకు రానా?"

"అనబోయాను నాన్నా. నువ్వు చెప్పొద్దన్నావు."

నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

"నువ్వేడుస్తుంటే... ఓడిపోయారనుకున్నాను తల్లీ."

"ఓడిపోయామా?" ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "అయ్యో! గెలుస్తామనుకున్నా. ఎంతకి?"

ఆ ముఖం చూశాక ఇక ఆగలేకపోయాడు. "స్కోరు సంగతి వదిలెయ్. సగం ఆటకే రెండు కొట్టేశారు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది. నువ్వు మ్యాచ్ కోసం ఏడవలేదని తెలిసిపోయింది. తెలిసీ లేవలేదే. ఫోను జేబులోనే ఉంది. మనవాళ్ళు ఓడిపోతే బాగుండునని మొక్కుతూ కూర్చున్నాను, తప్పు నాది కాకుండా పోతుందని. నీ తండ్రి అలాంటివాడు." కత్తెర పట్టి పట్టి బండబారిన చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

కూతురు సెలైను లేని చేత్తో ఆయన మోకాలు తట్టింది. "పోనీలే నాన్నా. బాగానే ఉన్నాంగా ఇద్దరం. ఏడవకు, నవ్వుతారు ఎవరైనా" అంది. బాబాయి కళ్ళు తుడుచుకుని, ఇక ఈ రాత్రికి ఇక్కడే వరండాలో పడుకుంటానన్నాడు. సరేనంది.

అంతలో నర్సు వచ్చింది. సెలైను చూసి, నాడి చూసి, దుప్పటి సరిచేసింది.

"వరండాలో మగవాళ్ళని ఉండనివ్వరండీ, పొద్దున్నే రండి" అని బాబాయితో చెప్పి, కూతురి వైపు తిరిగింది. "ఏదైనా అవసరమైతే ఎవరికి ఫోను చెయ్యమంటావమ్మా?"

బాబాయి నోరు తెరిచాడు. ఆయన మాట పైకి వచ్చేలోపే కూతురు కళ్ళు మూసుకుని, తడుముకోకుండా ఒక నంబరు చెప్పింది. నర్సు రాసుకుంటూ, "నాన్నగారిదా?" అంది.

"కాదు. కింద వాటా టైలరు అత్తది" అంది కూతురు. "ఆవిడయితే ఎప్పుడు చేసినా తీస్తుంది."

నర్సు ఒకసారి ఆయన వైపు చూసి, లైటు తగ్గించి వెళ్ళిపోయింది.