పక్క చెరువు నంబరు

మా కాలువ మీద రొయ్యల చెరువులు ఒకదాన్నానుకుని ఒకటి ఉంటాయి. ఒకరు వదిలిన నీళ్ళే ఇంకొకరు తోడుకోవాలి. అయినా తెల్లమచ్చ తెగులొస్తే ఎవరికి వారు నోరు కుట్టేసుకుంటారు. గుట్టుచప్పుడు కాకుండా రొయ్యలు పట్టించి, ఆ నీళ్ళు కాలువలోకి వదిలేసి, పక్కవాడి చెరువు పోయాక అయ్యో పాపం అంటారు. ఇంతటి మర్యాదస్తుల మధ్య పుట్టింది సుప్రియ.

ఎం.సి.ఏ. చదివి, భీమవరంలో ఒక మేతల కంపెనీవాళ్ళ ల్యాబులో చేరి, జావాలో ప్రోగ్రాం రాసింది. రైతులు తెచ్చిన రొయ్యల్ని పరీక్ష చేసి, చెరువు నంబరు మీద ఫలితం ఎక్కిస్తారు. ఆ ప్రోగ్రాంలో లిజనర్ అని ఒక చిన్న ముక్క ఉంది. డేటాబేసులో రికార్డు పుట్టినప్పుడో, మారినప్పుడో, చెరిపేసినప్పుడో, ఎక్కడ తగిలిస్తే అక్కడ దానంతటదే పని చేస్తుంది. రికార్డు పుట్టగానే పని చేసేలా తగిలించింది సుప్రియ. తెగులని ఎక్కించిన మరుక్షణం ఆ కాలువ మీద రైతులందరి సెల్‌ఫోన్లకూ మెసేజీ వెళ్ళేది: ఫలానా చెరువుకి తెల్లమచ్చ, తూములు మూసుకోండి అని. ఇక మా ఊళ్ళో దాపరికం ఉండదని సంబరపడింది, పిచ్చిపిల్ల.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. మెసేజీలో చెరువు నంబరు పడ్డవాళ్ళ రొయ్యలకి సగం ధర కూడా పలక్కపోయేసరికి, ల్యాబు గుమ్మం తొక్కడం మానేశారు.

ఒక ఉదయం లోవరాజు చెరువుకి తెగులుందని ఫలితం వచ్చింది. లోవరాజు కౌలుకి చేసేది ఆ ఒక్క చెరువే. రొయ్యలు పట్టి అమ్ముకునే రోజు, పట్టుబడి, దగ్గరపడింది. ఆ పంట పోతే మళ్ళీ చెరువులో రొయ్యపిల్ల వదిలే తాహతు ఆయనకి లేదు. సుప్రియకి మనసు చివుక్కుమంది. అయినా సేవ్ నొక్కింది. మెసేజీ అందరికీ వెళ్ళింది, లోవరాజు పక్క చెరువు రైతు తాతాజీతో సహా. తాతాజీ అంటే సుప్రియ నాన్నే.

రొయ్యలు తెచ్చిన గిన్నెలు కడిగి బోర్లించిన చోట స్టీలు గిన్నె ఒకటి కనిపించింది. దాని మీద రత్నమాణిక్యం అని చెక్కి ఉంది. అది వాళ్ళ అమ్మ పేరు. ఆ ఉదయం లోవరాజు నంబరుతో రొయ్యలొచ్చింది ఆ గిన్నెలోనే. నాన్న తన చెరువు రొయ్యల్ని పాలేరు చేత పంపి, పక్క చెరువు నంబరు చెప్పించాడని అప్పుడర్థమైంది.

వెంటనే రికార్డు చెరిపేసింది. ఒక్క ఫోనూ మోగలేదు. చెరిపినప్పుడు పలికే ముక్క తను రాయనేలేదు. చెప్పింది వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని ఆమెకి తోచలేదు. కొత్త రికార్డు తెరిచి నాన్న నంబరు కొట్టింది. సేవ్ నొక్కేముందు ఆయనకి ఫోన్ చేసింది.

తాతాజీ కోప్పడలేదు. “ఈ ఒక్కరోజు ఆగు తల్లీ. పట్టుబడి అయిపోయాక నేనే అందరికీ చెబుతాను” అన్నాడు.

ఆగింది. తాతాజీ రొయ్యలు పట్టించాడు, నీళ్ళు కాలువలోకి వదిలాడు, ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆయన స్థానంలో ఉంటే మావాళ్ళలో చాలామంది అంతే చేసేవాళ్ళనుకుంటే ఇంకా మండుతుంది.

మర్నాడు లోవరాజే స్వయంగా రొయ్యలు పట్టుకొచ్చాడు. కొనేవాళ్ళు గట్టు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారట. పరీక్షలో ఏ తెగులూ లేదని తేలింది. ఆయన కళ్ళు తడయ్యాయి. రొయ్య నీరసంగా ఉంది, ఇవాళే కాలువలోంచి కొత్తనీరు పెట్టుకుంటానన్నాడు. నాలుగు రోజులు ఆగమంది సుప్రియ.

“ఏమండీ, ఎవరి చెరువుకైనా వచ్చిందా అమ్మాయిగారూ?”

సుప్రియ కంప్యూటరు వైపు తిరిగింది. ఎదురుగా నాన్న నంబరు కొట్టిన రికార్డు సేవ్ కాకుండా అలాగే ఉంది.

“మెసేజీ రాలేదు కదండీ” అని తనే సమాధానం చెప్పుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు లోవరాజు.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. సంచిలో రొయ్యల మీద తెల్లమచ్చలు కంటికే కనిపిస్తున్నాయి. సుప్రియ తలెత్తకుండా ఆయన నంబరు కొట్టి సేవ్ నొక్కింది.

లోవరాజు జేబులో ఫోన్ మోగింది. తీసి, తన చెరువు నంబరు చదువుకున్నాడు.

“ఈసారి సరిగ్గానే వచ్చిందండి” అన్నాడు.