గొర్రెపిల్లల పెట్టె

మోర్వెన్ తమ ఇంట్లో పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని బూడిద తీస్తోంది. వెనక బల్ల దగ్గర ఫిలిప్పా టీ తాగుతూ, ఊరు చూడడానికి వచ్చిన ప్రొఫెసర్ లమ్స్‌డెన్‌కి ఊరి సంగతులు చెబుతోంది, తనే ఇక్కడ పుట్టి పెరిగినట్టు.

ఇద్దరమ్మాయిలూ గ్లాస్గోలో ఇంధన విధానంలో ఎమ్మెస్సీ చదివారు. ఈ దీవిలో ముసలివాళ్లు చలికాలం ఎలా గడుపుతున్నారో కొలవాలన్న ఆలోచన మోర్వెన్‌ది. క్యాంటీన్‌లో నోరు జారి ఫిలిప్పాతో అంది. మర్నాడే ఫిలిప్పా దాన్ని ప్రొఫెసర్ ముందు తనదిగా పెట్టింది. పరిశోధన ఆమెకు దక్కింది. మోర్వెన్‌కి దక్కింది, "నా స్నేహితురాలు, కాస్త సాయం చేయండి" అంటూ సొంత ఊళ్లో తలుపులు తట్టే పని. తట్టింది. పల్లెత్తు మాట అనలేదు.

గోడకి తగిలించమని ఇంటింటికీ వేడి కొలిచే చిన్న డబ్బీ ఒకటి ఇచ్చారు. మార్చిలో సెలవులకు వచ్చిన మోర్వెన్ పక్కింటి డోలీనా పెద్దమ్మ వంటింట్లో దాన్ని చూసింది. గోడ మీద కాదు. పొయ్యి పక్కన, తల్లిలేని గొర్రెపిల్లల్ని పడుకోబెట్టే పెట్టెలో. మరికొన్ని ఇళ్లలోనూ అదే తంతు. లోలోపల నవ్వుకుని ఊరుకుంది.

దీవి ముసలివాళ్లు అవసరానికి మించి ఇళ్లు వేడి చేసుకుంటున్నారని ఫిలిప్పా థీసిస్ రాసింది. బహుమతి వచ్చింది. ప్రొఫెసర్ దగ్గర ఉద్యోగం కూడా రాబోతోంది. ఆ థీసిస్ వల్లే స్థానిక కౌన్సిల్ వాళ్లు ఊరికి రావలసిన కొత్త హీటర్లు ఆపేశారు.

"డోలీనా గారింట్లో ముప్పై నాలుగు డిగ్రీలు సార్!" అంది ఫిలిప్పా.

అదే బల్ల దగ్గర కోటు విప్పకుండానే కూర్చున్న డోలీనా నవ్వింది. "మా ఇంట్లోనే? నాకు చెప్పకుండా ఎవరమ్మా ఆ వేడంతా అనుభవించింది?"

మోర్వెన్ బకెట్ పక్కన పెట్టి లేచింది. "పెద్దమ్మా, ఆ డబ్బీ ఎక్కడ పెట్టావో సార్‌కి చెప్పు."

"ఎక్కడేమిటే, గొర్రెపిల్లల పెట్టెలో. గోడకి పెడితే ఏం లాభం? నాకు చలేస్తే నాకు తెలీదా? వాటికైతే చెప్పుకోను నోరు లేదు."

ప్రొఫెసర్ కప్పు దించాడు. "ఫిలిప్పా, నువ్వు ఒక్క ఇంటికైనా వెళ్లి చూడలేదా?"

"ఇళ్ల సంగతి మోర్వెన్ చూసుకుంటుందనీ..."

"తలుపులు తట్టమన్నావు, తట్టాను," అంది మోర్వెన్. "ఆలోచన నీదాయె. చూసుకోవలసిందీ నువ్వే."

ఫిలిప్పా మొహం పాలిపోయింది. "నీకు ముందే తెలుసు!"

"మార్చి నుంచీ తెలుసు. నీ చేతికి బహుమతి రానీ అని ఆగాను."

ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడం! ఏడాదిగా గుండెలో కుంపటిలా రగిలినది ఒక్కసారిగా చల్లారింది.

"మార్చి నుంచా?" అంది డోలీనా. ఆమె నవ్వు ఆగిపోయింది. "హీటర్లు ఆపేసింది మొన్న శరదృతువులో కదే?"

మోర్వెన్ ఆమె వైపు ఒకడుగు వేసింది. "ఇప్పుడు తెలిసింది కదా పెద్దమ్మా, మళ్లీ ఇస్తారు..."

"ఈ చలికాలానికేనా, సార్?"

ప్రొఫెసర్ తల అడ్డంగా ఊపాడు.

డోలీనా కప్పు బల్ల మీద పెట్టింది. కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుంది. మోర్వెన్ చెయ్యి చాచినా అటు చూడలేదు. గుమ్మం దాటి, లోపలి వేడి బయటికి పోకుండా తలుపు జాగ్రత్తగా దగ్గరికి లాగి వెళ్లిపోయింది.