పిట్టకిచ్చిన మాట

మరిపెడ వారపు అంగడిలో రజని కెమెరా ఎత్తగానే, ఎండుచేపల గంప ముందు కూర్చున్న తుల్సీబాయి కొంగు సర్దుకుని నవ్వుమొహం పెట్టింది.

"యూట్యూబ్ల ఏస్తవా బిడ్డా? ఏస్తే నా చేపలు గూడ కనవడాలె."

"యూట్యూబ్ కాదవ్వా. ఉత్తగనే తీస్తున్న."

"ఉత్తగ ఎవలు తిరుగుతరే? మొన్న కొత్తగూడ అంగట్ల గూడ గిట్లనే తీసినవ్. గంప లేకుంట అంగళ్లెంబడి తిరిగేదానివి నువ్వొక్కదానివే."

ముసలామె మాటలో అబద్ధం లేదు. అంగడివాళ్లకు ఇల్లు ఒకచోట, బతుకు వారమంతా రోజుకొక చోట. ఇవాళ మరిపెడ అయితే రేపు నర్మెట్ట, ఎల్లుండి కొత్తగూడ. ఉల్లిగడ్డ మూటలు, ఎండుచేపల గంపలు, ప్లాస్టిక్ బిందెలు అన్నీ అలా ఊరూరూ తిరుగుతుంటాయి. వాటి వెంట రజని కూడా తిరుగుతోంది. కెమెరా తుల్సీబాయి వైపే ఉన్నట్టుంటుంది గాని, ఆమె చూపంతా ఆ వెనక జనం మీద. ఆ జనంలో తమ్ముడు అఖిల్ ఉన్నాడేమోనని.

నిరుడు మిరప ఏరే రోజుల్లో అఖిల్ తన ట్రాలీ ఆటోలో కూలి ఆడవాళ్లను చేనుకు తీసుకుపోతూ కల్వర్టు దగ్గర బోల్తా కొట్టించాడు. ఇద్దరు పోయారు. ఒకామెది పక్క ఊరు. రెండో మనిషి అక్కాతమ్ముళ్ల కన్నతల్లి ఎల్లక్క. అఖిల్ తలకు కట్టుతోనే దవాఖాన నుంచి మాయమయ్యాడు. పక్క ఊరామె కొడుకులు, దొరికితే కాళ్లు విరగ్గొడతామని నలుగురిలో అన్నారు. అతని ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పోలీసు కేసు సరేసరి.

దినాల నాడు పొలం గట్టు మీద విస్తరి వేసి, అన్నం, కోడికూర, ఎల్లక్కకు ప్రాణమైన ఎండుచేపల పులుసు పెట్టారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని లెక్క. కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద కూర్చుంది గాని దిగలేదు. బర్రెను అమ్మబోమన్నారు చుట్టాలు. ఇల్లు కప్పిస్తామన్నారు. కాకి తల అటూ ఇటూ తిప్పిందే తప్ప కదల్లేదు. ఎండ నెత్తిమీదికి వచ్చాక రజని చేతులు జోడించింది.

"తమ్మున్ని తోలుకొస్తనే అవ్వా. ఏడాది తిరిగేలోపల నీ ముందట నిలవెడత."

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, కాకి దిగి ముట్టింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు. రజని గుండెలో మాత్రం రాయి పడింది.

తర్వాత ఎవరో అఖిల్ లాంటివాణ్ని అంగట్లో మూటలు మోస్తుండగా చూశామన్నారు. ఏ అంగడంటే చెప్పలేకపోయారు. పేరు చెప్పి వాకబు చేస్తే పగవాళ్లకు తానే చాటింపు వేసినట్టవుతుందని రజని భయం. మానుకోటలో ఐలేశ్ ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు దిద్దడం ఆమె పని. నల్లటి మొహాలను తెల్లగా, ఏడ్చిన కళ్లను ఏడవనట్టుగా చేసీ చేసీ, కంటికి దొరకనిది తెరమీద పెద్దది చేస్తే దొరుకుతుందని ఆమెకొక నమ్మకం కుదిరింది. స్టూడియోలో పాత కెమెరా అడిగి తెచ్చుకుంది. సెలవు దొరికిన ప్రతి అంగడికీ పోయింది. వానలు పోయాయి, చలి వచ్చింది, చేలల్లో మిరప మళ్లీ ఎర్రబడింది. ఏడాది మాసికం దగ్గరికొచ్చింది.

తుల్సీబాయి ఆ మాటన్న మర్నాడు మధ్యాహ్నం, స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, రజని ఆ ఫోటోలు తెరమీద పెట్టింది. తుల్సీబాయి వెనక ఉల్లిగడ్డల బండి. బండి దగ్గర తలకు నీలం తువ్వాల కట్టుకున్న కూలి ఒకడు మూట దించుతున్నాడు. వరసగా తీసిన ఫోటోల్లో మొదటిదాంట్లో తలెత్తాడు. ముఖం మసకగా ఉంది. మూట పట్టిన కుడిచెయ్యి మాత్రం స్పష్టంగా ఉంది. మోచేతి దగ్గర వంకర. చిన్నప్పుడు ఈతచెట్టు మీంచి పడి విరిగితే, సరిగా అతకని చెయ్యి అది. ఆ తర్వాతి ఫోటోలన్నిట్లోనూ వీపే.

రజని పాతవన్నీ తెరిచింది. నర్మెట్టలో నీలం తువ్వాల, వీపు. కొత్తగూడలో నీలం తువ్వాల, వీపు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. ఒకటి రెండుసార్లయితే అనుకోకుండా అటు తిరిగాడనుకోవచ్చు. ఇన్నిసార్లా? వాడు చూశాడు. చూసిన ప్రతిసారీ అక్కకు వీపు చూపించాడు. బతికున్నాడన్న సంతోషం ఒక క్షణమే నిలిచింది. ఆ వెనకే వచ్చిన దుఃఖానికి ఆమె టేబుల్ మీద తల ఆనించి ఏడ్చింది.

మరుసటి మరిపెడ అంగడికి తెల్లారక ముందే బయల్దేరింది. ఉల్లిగడ్డల బండి ఉంది. బండి యజమాని రాజమౌళి తనే చెమటలు కక్కుతూ మూటలు దించుకుంటున్నాడు.

"అన్నా, నీ దగ్గర పనిచేసే పిలగాడేడి? నీలం తువ్వాల..."

రాజమౌళి ఆమె మెడలోని కెమెరా వైపు చూసి మొహం ముడిచాడు. "నువ్వేనా కెమెరామె? కృష్ణ అని పేరు చెప్పిండు నాకు. మంచి పిలగాడు. నోట్లె నాలుక లేనోడు. ఎవరో కెమెరా పట్టుకొని మన ఎంబడే తిరుగుతున్నరన్నా అని నిన్ను జూసినకాన్నుంచి పరేషాన్ అయిండు. తిండి గూడ సక్కగ తినలే. మొన్న భూపాలపల్లి దిక్కు బొగ్గులారీ ఎక్కి పోయిండు. ఏడ దిగుతడో ఎవలకెరుక! పోలీసోల్లా మీరు?"

"అక్కను."

రాజమౌళి మూట కింద పెట్టేశాడు.

"అక్కవైతివి, నోరు లేదా అమ్మా నీకు? ఇన్నిమాట్ల నా బండి ముందట నిలవడ్డవు. ఒక్క మాటన్న నన్నడగకపోతివి. పట్టుకొని కూసుందును గద! అడగందే అమ్మైన పెట్టదంటరు."

రజని మెడలోంచి కెమెరా తీసి సంచిలో పెట్టింది. ఇంతమంది మొహాలు తీసింది గాని, ఒక్క మనిషిని నమ్మి నోరు విప్పలేదు. తమ్ముడు ఎక్కడో ఒకచోట మూట మోసుకుని తింటున్న నాలుగు మెతుకులు కూడా తన చేత్తోనే చెడగొట్టింది. తిరిగి వస్తుంటే తుల్సీబాయి పిలిచి, పైసలు తీసుకోకుండా ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. ఎందుకని అడిగితే, "ఏడుస్తున్నవ్ గద బిడ్డా" అంది.

ఆ చేపలతోనే ఏడాది మాసికం నాడు పులుసు పెట్టారు. అదే పొలం గట్టు, అదే తుమ్మచెట్టు. విస్తరి పక్కన రజని ఒక ఫోటో పెట్టి, గాలికి ఎగరకుండా దానిమీద రాయి పెట్టింది. నీలం తువ్వాల, వీపు. అంతకంటే ఆమె దగ్గర తేవడానికి ఏమీ లేదు. ముట్టకే అవ్వా, అని లోపల్లోపలే మొక్కుకుంది. నువ్వు అలిగితే ఈ చుట్టాలందరికీ వాడు గుర్తొస్తాడు. నలుగురూ నాలుగు దిక్కులా వెతకడానికి కదులుతారు. నువ్వన్నా అలగవే.

విస్తరి వేసి నలుగురూ వెనక్కి జరిగారో లేదో, కాకి వచ్చి వాలింది. ఫోటో వైపు చూడనైనా లేదు. చేప ముక్క నోట కరుచుకుంది.

"ముట్టింది! ముట్టింది! మా అక్కకు ఇగ ఏ రందీ లేదు," అన్నాడు మేనమామ ఐలయ్య కళ్లు తుడుచుకుంటూ. చుట్టాలు తేలికపడి, స్నానాల మాట, భోజనాల మాట మాట్లాడుకుంటూ ఇంటిదారి పట్టారు. అఖిల్ పేరు ఒక్కరి నోటా రాలేదు. ఇక వాడికోసం ఎదురుచూసేవాళ్లు పైన కూడా ఎవరూ లేరని రజనికి అర్థమైంది. తల్లి మీద ఆమెకు జీవితంలో ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

"ఆగవే అవ్వా," అంది గట్టు మీద ఒక్కతే కూర్చుని. "తమ్మున్ని నేనింక తేలేదే."

కాకి ఇంకో ముక్క కోసం విస్తరిలోకి వంగింది.