వర్జ్యంలో ఎగిరిపోయిన గొడుగు

నేను ఒక గొడుగును. నల్లగుడ్డ, ఎనిమిది చువ్వలు, వంకీ పిడి. నన్ను కుట్టినాయన "పదేళ్ళ వరకు ఢోకా లేదు" అన్నాడు. పాపం, నన్ను వాడేది మనుషులన్న సంగతి మరిచిపోయాడు. మొదట కొన్న గుమస్తా వాన వెలవగానే నన్ను బస్సులో వదిలేసి దిగిపోయాడు. కండక్టరు నన్ను తన బావ జగ్గారావుకిచ్చి పుణ్యం కట్టుకున్నాడు.

జగ్గారావు సాలూరు వైపు బడిలో భూగోళం చెప్పి రిటైరైన మేష్టారు. ఫోన్లో పంచాంగం చూడందే గడ్డం కూడా గీసుకోరు. పెళ్ళయిన కొత్తలో భార్య వరహాలమ్మ సముద్రం చూడాలని ఉందంటే, "మంచిరోజు చూసి తీసుకెళ్తా" అన్నారట. ఆయన జుట్టంతా ఊడాక గానీ ఆ మంచిరోజు రాలేదు.

మొత్తానికి మొన్న కార్తీకంలో బయల్దేరాం. బస్సు దిగి కొండెక్కితే పాత బౌద్ధారామం శిథిలాలు. అవి దాటి కాస్త నడిస్తే ఎత్తయిన ఎర్రమట్టి గట్టు, దాని కింద సముద్రం. మేష్టారు ప్రతి ఇటుక దగ్గరా ఆగి పాఠం చెప్పారు. శ్రద్ధగా విన్నది ఒక మేక మాత్రమే. తీరా గట్టు వైపు తిరిగేసరికి ఆయన ఫోన్ చూసి, "వర్జ్యం వచ్చేసింది. ఐదింటిదాకా కదలకూడదు" అని మొండిగోడ నీడలో చతికిలబడ్డారు. ఆఖరి బస్సేమో నాలుగున్నరకే. బుద్ధుడి ఇంటికొచ్చి వర్జ్యం చూసే మహానుభావుణ్ణి ఈయన్నే చూశాను.

వరహాలమ్మకు అలల హోరు వినిపిస్తూనే ఉంది.

"బస్సెల్లిపోద్ది కదండీ. నానింకెప్పుడు సూస్తాను?"

"మరో మంచిరోజు వద్దాంలే."

ఆవిడ నన్ను చంకలో పెట్టుకుని లేచింది. "మీరు కూకోండి. నానెల్లి సూసొస్తాను."

నాకు భలే సంతోషం వేసింది. ఎంతసేపు, ఆవిడ ఎండకని నన్ను తెరిచేదాకా! గట్టు మీది గాలి నన్ను తిరగేసి, చువ్వలు విరిచి, ఆవిడ చేతిలోంచి లాగి అంచున ఉన్న మొగలిపొదలో పడేసింది.

"వర్జ్యమని చెప్పానా!" అంటూ మేష్టారు నాకోసం పరుగెత్తుకొచ్చారు. పెళ్ళాం కోసం లేవని మనిషి గొడుగు కోసం లేచారు. అంచు దాకా వచ్చి టక్కున ఆగిపోయారు. నా వైపు చూడనే లేదు. మహాసముద్రాల లోతులు పిల్లల చేత వల్లె వేయించిన ఆయన కళ్ళార్పకుండా కింది నీళ్ళకేసే చూస్తూ నిలబడ్డారు.

వరహాలమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఏటండీ, మీరూ ఎప్పుడూ సూడలేదా?"

"లేదు" అన్నారు మేష్టారు మెల్లగా. "చూశాననుకున్నారు అందరూ. నేనూ కాదనలేదు."

నేనైతే పగలబడి నవ్వేదాన్ని. ఆవిడ నవ్వలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన చెప్పులు విడిచి కూర్చున్నారు.

కింద రోడ్డు మీద ఆఖరి బస్సు హారన్ కొట్టింది.

"ఇంకాసేపు కూకుందామా?" అంది వరహాలమ్మ.

మేష్టారు ఫోన్ తీయకుండానే తల ఊపారు.