గేటు మీద నోటీసు

మామిడికుదురు దగ్గర దళితపేటలో బీయే పాసైన మొదటి ఆడపిల్ల లీలావతి. 1981లో పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా ఆమెకు ఓ లంక ఊళ్లో తొలి ఉద్యోగం వచ్చింది. ఆమె చేరిన రోజునే గుమాస్తా గంగయ్య ఆఫీసులోని మంచినీళ్ల కుండను లోపలి గదిలో పెట్టి తాళం వేశాడు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ప్రెసిడెంటు సూర్యారావు తన కొబ్బరికాయల కళ్లం పెద్దది చేసుకోవడానికి ఊరి మురుగుకాలువ పూడ్చేశాడు. ఆ నీళ్లన్నీ ఆ ఊరి దళితపేట మీద పడ్డాయి.

"పొయ్యి నీళ్లలో ఉందమ్మా, పిల్లలు అటకెక్కేరు," అని మార్తమ్మ ఆఫీసుకొచ్చి ఏడ్చింది.

వారంలోగా మట్టి తీయించమని లీలావతి నోటీసు రాసింది.

"ప్రెసిడెంటుగారికే నోటీసా అండీ? తమరి ఉద్యోగం ఇంకా పర్మినెంటు కూడా అవలేదు," అన్నాడు గంగయ్య. పట్టుకెళ్లనన్నాడు. తనే వెళ్లింది.

సూర్యారావు అరుగు దిగలేదు. "నేను పుచ్చుకోను. ఏం చేస్తావు?"

"గేటుకి అంటిస్తానండి. రూలు అదే."

"అంటించు చూద్దాం. గంగయ్యా, ఆఫీసు జిగురు ఇచ్చేవు గనక!"

"ఆయ్," అన్నాడు వెనకే వచ్చిన గంగయ్య.

లీలావతి సంచిలోంచి క్యారేజీ తీసింది. పొద్దున తను వండుకున్న అన్నం పిడికెడు మెదిపి, కాగితం వెనక పూసి, వీధి వీధంతా చూస్తుండగా గేటుకి అతికించింది.

"పీకండిరా!" అని అరిచాడు సూర్యారావు.

కళ్లంలో పనివాళ్లు వెనక్కి తగ్గారు. "పేట అన్నమండీ అది. మేం ముట్టుకోమండీ."

సూర్యారావే లేవబోతే భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది. "అది ముట్టుకున్నారంటే తలస్నానం చెయ్యకుండా గడప తొక్కనివ్వను."

పీకడానికి మార్తమ్మను పిలిపించారు. "మీ పేరున వచ్చిన కాయితం మాకెందుకండీ?" అని ఆమె వెళ్లిపోయింది. ఆ వారమంతా ప్రెసిడెంటుగారి ఇంటిల్లిపాదీ దొడ్డిదారినే నడిచారు.

లీలావతి పంపిన రిపోర్టు మీద అమలాపురం నుంచి పై అధికారి వచ్చాడు. "నాకు నోటీసే అందలేదండీ," అన్నాడు సూర్యారావు. అధికారి గేటు వంక చూసి, దగ్గరుండి మట్టి తీయించాడు. సాయంత్రానికి పేటలో నీళ్లు తీశాయి.

ఆ సాయంత్రమే, లీలావతి అద్దెకుంటున్న ఇంటావిడ ఆమె పెట్టె తెచ్చి వీధరుగు మీద పెట్టేసింది. లీలావతి మార్తమ్మ ఇంట్లో, ఇంకా తడారని నేల మీద పడుకుని, తెల్లారి ఆఫీసుకొచ్చేసరికి సూర్యారావు అక్కడే ఉన్నాడు.

"సంక్రాంతి లోపు నిన్ను ఈ జిల్లా దాటించకపోతే నా పేరు సూర్యారావు కాదు."

"దాటించండి. ఈలోగా కాలువ తక్కిన భాగం కూడా కొలవాలండి. గంగయ్యగారూ, టేపు ఓ కొస పట్టుకోండి."

గంగయ్య కదల్లేదు. ఆమె టేపు తీసుకుని కాలువగట్టుకు వెళ్లి, ఒక కొస రాయికి కట్టి, రెండోది తనే పట్టుకుని బురదలోకి దిగింది.