సంగటి తిన్న ఫార్వర్డ్

గల్ఫులో, జహ్రా ఊళ్ళోని మా ఫుట్‌బాల్ క్లబ్బుకు పోలండ్ నుంచి యాట్సెక్ అనే ఫార్వర్డ్ వచ్చాడు. అంతకుముందు చాలా దేశాల్లో ఆడాడట. ఇక్కడ మాత్రం సీజన్ సగం గడిచినా ఒక్క గోలూ కొట్టలేదు. ఇతని ఆట ఇక ఖలాస్ అని, క్లబ్బు బస్సు నడిపే నేను కూడా తేల్చేశాను.

మెస్సులో వంట చేసే మా కడప రెడ్డెమ్మకు అతని కంచం చూస్తేనే ఒళ్ళు మండేది.

"ఈ ఆకులు నమిలి ఎట్ల పరిగెత్తుతావు నాయనా?" అంటూ ఒక మ్యాచ్ రోజు మధ్యాహ్నం రాగిసంగటి, కోడి పులుసు పెట్టి దగ్గరుండి తినిపించింది. మాట తెలియకపోయినా గద్దింపు తెలిసినట్టుంది, పెట్టిన ముద్దలన్నీ తిన్నాడు.

సాయంత్రం మైదానంలో అతను పరిగెత్తలేదు, నడిచాడు. కోచ్ అరిచి అరిచి, చివరికి విసిగిపోయి డిఫెన్సులోకి తోసేశాడు. అక్కడ యాట్సెక్ గోడలా నిలబడ్డాడు. బంతితో వచ్చినవాడల్లా అతన్ని దాటలేక వెనక్కి పోయాడు. మేం గెలిచాం.

మరునాడు కోచ్ వంటగదికొచ్చి సంగటి గిన్నె మూత తీశాడు. రెడ్డెమ్మ భయంతో నా వెనక నక్కింది. ఆయన అరబీలో చెప్పింది నేను ఆమెకు తెలుగులో చెప్పాను: ఇకనుంచి డిఫెండర్లందరికీ ఇదే పెట్టాలి, ఫార్వర్డులకు మాత్రం ముట్టించకూడదు.

సీజన్ చివర యాట్సెక్‌కు డిఫెండరుగా ఇంకో రెండేళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. ఆ మాట చెప్తే రెడ్డెమ్మ మూతి తిప్పుకుంది.

"పరిగెత్తమని పెడితే, నిలబడి సంపాదిస్తాండాడే!"