పండుమిరప దంచిన రోజు

పొద్దున ఏడింటికే యమునకు ఒళ్ళు మండిపోయింది.

గురజాల దగ్గర ఆ ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఆమె లీడరు. ఏటా పండుమిరపకాయల కాలంలో పదిళ్ళకూ సరిపడా పచ్చడి అందరూ కలిసి కమ్యూనిటీ హాల్లో పెట్టుకుంటారు. ముందురోజే కాయలు కడిగి, తుడిచి, పాత చీరల మీద ఆరబోశారు. ఇక తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచి, జాడీకి ఎత్తాలి. ఇంకో రోజు ఆగితే కాయ మెత్తబడి పాడైపోతుంది.

హాలు తాళం తీస్తుండగానే ఫోను మోగింది. వాట్సాప్‌లో నిర్మల గొంతు. "అక్కా, నేను బయటున్నా. జాడీ దగ్గరికి రాగూడదు గదా. ఏమనుకోమాక."

తర్వాత తేజస్వి. ఆ వెనకే మరో నలుగురు. అందరిదీ ఒకటే మాట. నెలసరిలో ఉన్న మనిషి చెయ్యి తగిలితే పచ్చడి బూజు పడుతుందని ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ పట్టింపు. పచ్చడి పెట్టే రోజున సంఘంలో సగంమందికి ఆ పట్టింపు ఎక్కడలేని ప్రేమతో గుర్తొస్తుంది.

తమాషా ఏమిటంటే, ఆ తెల్లవారుజామున నిజంగా నెలసరి వచ్చింది యమునకే. సుబ్బమ్మత్తతో ఆ మాట చెప్పి, తను దూరంగా కూర్చుని వెల్లుల్లి ఒలుద్దామనుకుంది. ఈ మెసేజీలు విన్నాక నోరు మూసుకుంది. తనూ తప్పుకుంటే రోకలి పట్టేదెవరు?

యమున వరస కలిపి అత్తా అని పిలిచే సుబ్బమ్మకు అరవై దాటాయి. సంఘంలో అందరికంటే పెద్దది, పట్టింపులన్నీ ఆమెవే. ఆమే ముందొచ్చింది. ఆ వెనక హజ్రా బీ, చెయ్యి మండకుండా రాసుకోడానికి నూనెసీసా పట్టుకుని. అంతే. ఇంకెవరూ రాలేదు.

ముగ్గురూ తొడిమలు తీస్తుండగా విజయలక్ష్మి మెసేజీ వచ్చింది. "యమునా, నేనూ బయటున్నానమ్మా."

యమున చేతిలో కాయ కిందపడేసింది. "ఈవిడకు గర్భసంచి తీసేసి రెండేళ్ళయింది గదా అత్తా! గుంటూరు ఆసుపత్రికి క్యారియరు మోసింది నేనే! లేని సంచికి నెలసరేంది?"

హజ్రా బీ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సుబ్బమ్మ మాత్రం నవ్వలేదు. "అట్టాంటివి అడగగూడదే. ఆడదాని నోట ఆ మాట వచ్చిందంటే ఊరుకోవాలి. పట్టు, దంచు."

యమున దంచింది. నడుము విరిగిపోతోంది, పొత్తికడుపు మెలిపెడుతోంది, కారం ఘాటుకు కళ్ళు ధారలు కడుతున్నాయి. పోటుపోటుకీ ఒక్కొక్కరిని పేరుపెట్టి తిట్టుకుంది. పక్కన సుబ్బమ్మ ముసలి చేతులతో సమానంగా పోటు వేస్తుంటే, ఆమె మొహంలోకి చూడలేక రోట్లోకే చూస్తూ ఉండిపోయింది.

మూడో రోజున జాడీలోంచి తీసి, మెంతిపిండీ వెల్లుల్లీ వేసి మళ్ళీ రుబ్బారు. రుబ్బింది ఆ ముగ్గురే. తీరా పంపకాల వేళకు హాలు కళకళలాడిపోయింది. పదిమందీ హాజరు. పెద్ద స్టీలు క్యానుతో ముందు నిలబడింది విజయలక్ష్మి.

"మాకు కాస్త ఎక్కువ పెట్టమ్మా. హైదరాబాదులో మా బిందుకు పంపాలి."

"బయటున్నారు గదక్కా. ఇంకా అయిదు రోజులు కాలేదే, జాడీ దగ్గరికొచ్చారేంది?" అంది యమున.

"నాకు మూడు రోజులకే అయిపోద్దిలే" అంది నిర్మల వెనకనుంచి. ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వుతో యమునకు తిక్కరేగింది. గరిటె పళ్ళెంలో పడేసి లేచింది. "వినండే అందరూ. మొన్న నిజంగా బయటున్నది నేనొక్కదాన్నే. ఈ చేత్తోనే దంచా, ఈ చేత్తోనే జాడీకెత్తా. కావలసినోళ్ళు పట్టకెళ్ళండి, వద్దనుకున్నోళ్ళు మానుకోండి!"

నిర్మల ఒక్క క్షణం ఆలోచించి డబ్బా ముందుకు చాపింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ. విజయలక్ష్మి మూత బిగిస్తూ, "ఇట్టాంటివి బయటికి చెప్పుకుంటారా ఎక్కడన్నా" అని మందలించి మరీ వెళ్ళింది.

డబ్బా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది సుబ్బమ్మ ఒక్కతే.

పని ఎగ్గొట్టినవాళ్ళను అనబోతే, పని చేసిన మనిషికి తగిలింది. సాయంత్రం యమున ఆ డబ్బా నింపి సుబ్బమ్మ ఇంటికి పట్టుకెళ్ళింది. ఆమె వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. డబ్బా వైపు చూడనైనా లేదు.

"తప్పయింది అత్తా. చెప్పకుండా దంచా."

"చెప్పకుండా దంచినందుక్కాదే. అందరిముందూ చెప్పినందుకు." సుబ్బమ్మ గొంతు కరుగ్గా ఉంది. "మా అత్త బతికున్నన్నాళ్ళూ నేను నడుం వాల్చింది ఆ మూడు రోజులే. గొడ్ల చావిట్లో పడుకుంటే నీళ్ళు తెమ్మనేవాళ్ళు లేరు, వండమనేవాళ్ళు లేరు. ఆ మాట అంటే ఎంత మొగోడైనా నోరు మూసుకునేవాడు. వీళ్ళు అబద్ధమాడారని నాకు తెలవదా? ఆడనీలే అనుకున్నా. నువ్వు ఆ మాటకు విలువ లేకుండా చేశావు."

యమునకు జాలేసింది, కోపమూ వచ్చింది. "వాళ్ళు నడుం వాలిస్తే నా నడుం విరిగింది గదత్తా. నాకెవరిచ్చారు మూడు రోజులు? నొప్పితో దంచా. నీకు చెప్పుకునే వీలు కూడా లేకపాయె."

సుబ్బమ్మ యమున చెయ్యి పట్టుకుని, కారానికి ఎర్రగా పొంగిన వేళ్ళు తిప్పి చూసింది. "వెన్న రాయలేదేందే?" అని గొణుగుతూ లోపలికెళ్ళింది. వెన్న తెచ్చి రాసింది. డబ్బా మాత్రం ఆ రోజు ముట్టుకోలేదు. నాలుగు రోజుల తర్వాత ఆమె కోడలొచ్చి, "అత్త వేడన్నంలో కలుపుకుని తింటోంది, మీకు చెప్పొద్దంది" అని చెప్పి వెళ్ళింది.

తర్వాత గోంగూర పచ్చడి పెట్టే రోజొచ్చింది. ఈసారి ఎవరూ బయట లేరు. ఒకరికి బీపీ, ఒకరికి పిల్లాడి పరీక్ష. విజయలక్ష్మికి మోకాళ్ళ నొప్పి, హాలు మెట్లెక్కలేనంది.

యమున ఆటో పిలిచి, గోంగూర కట్టలన్నీ అందులో వేయించి, విజయలక్ష్మి వసారాలో దింపించింది. హజ్రా బీ, సుబ్బమ్మ ముందే వెళ్ళి అక్కడ చాప పరిచారు.

"ఆకు గిల్లడానికి మోకాళ్ళతో పనేముందక్కా, కూర్చో" అంటూ ఆమె ఒళ్ళో ఓ కట్ట పెట్టింది యమున.